దొర గద్దె కింద ఇంజను

పోయిన వారం మా మనవరాలు మిర్యాలగూడలో ఏదో సభకు వెళ్ళి, అక్కడ అందరికీ ఊరికే పంచిపెట్టిన పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నున్నటి కాగితం, రంగుల అట్ట, అట్ట మీద ఖద్దరు టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఫోటో. ఆ మొహం చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఆయన పుట్టి నూరేళ్ళయిందని ఆయన వంశం వాళ్ళు వేయించిన పుస్తకమట. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతూ పోతే మధ్యలో ఒకచోట కృష్ణ వరదలో పడవ ఇంజను ఆగిపోయిన సంగతి రాసి ఉంది. ఆ మహానుభావుడు తాను కూర్చున్న ఆసనాన్ని తానే బద్దలు కొట్టించి పడవలో వాళ్ళందరి ప్రాణాలూ కాపాడాడని రాశారు. పుస్తకం మూసి పక్కన పడేశాను. ఆ గద్దెను పగలగొట్టింది ఈ చేతులే కనుక, ఎవరు నమ్మినా నమ్మకపోయినా జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

నేను మోతె దగ్గరి పల్లెలో పుట్టినదాన్ని. మా నాయన నన్ను కోదాడ సంబంధానికి ఇచ్చాడు. పెళ్ళి గాజులు సూర్యాపేట అంగట్లో కొన్నారు, ఆకుపచ్చవి, చేతికి డజను చొప్పున. మా ఆయన మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో ఇంజను నడిపేవాడు. పెద్దగా చదువు లేదు గాని ఇంజను పక్కన చెవి పెట్టి, రోగి ఛాతీ మీద చెవి పెట్టిన వైద్యుడిలా, లోపల ఏ ముక్క అరిగిందో చెప్పగలిగేవాడు. మనిషి మహా నెమ్మది. ఆ నెమ్మదితనమే తర్వాత నాకు మంట పెట్టింది. అదంతా చెబుతాను.

దామరచర్లకు అవతల కృష్ణ ఒడ్డున ఒక రేవు ఉండేది. ఇప్పుడు వంతెన మీద రివ్వున పోయేవాళ్ళకు తెలియదు గాని, మా కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అవతలి ఒడ్డు బ్రిటిషు వాళ్ళ సీమ, ఇవతలిది నిజాం రాజ్యం, మధ్యలో నది. ఆ రేవు గుత్త మా దొరది, అదే ఆ అట్ట మీది పెద్దమనిషిది. తెడ్ల పడవ మీద మనుషులను దాటిస్తుంటే ఆలస్యమవుతున్నదని, మిల్లులో తీసేసిన పాత క్రూడాయిలు ఇంజను ఒకటి కొని, దాన్ని పెద్ద పడవలో బిగించమని మా ఆయనను మిల్లు నుంచి రేవుకు తెచ్చుకున్నాడు. మా కాపురమూ రేవు పక్కకే మారింది. మా ఆయన నెల రోజులు కష్టపడి ఇంజనును పడవ వెనక భాగంలో కూర్చోబెట్టాడు. చుట్టూ మనిషి తిరగడానికి చోటు, పైన తెరిచి మూసే చెక్క మూత, అన్నీ ఆలోచించే పెట్టాడు. పని పూర్తయ్యాక దొర వచ్చి చూశాడు. పడవలో గాలి బాగా తగిలే చోటు, నీళ్ళు చిమ్మని చోటు సరిగ్గా అదే. ఇంకేం, మిర్యాలగూడ నుంచి వడ్రంగిని పిలిపించి, ఆ మూత తీయించి పారేసి, ఇంజను మీద టేకు పలకలతో గద్దె కట్టించుకున్నాడు. మూడు వైపులా చెక్కుడు కమ్మీలు, పైన పరుపు, బాలీసు. పలకలకు వేలెడు మందం మేకులు. ఇంజను ముందు భాగం మాత్రం బయటికి ఉంది, హ్యాండిలు తిప్పవచ్చు, నూనె పోయవచ్చు. వెనక భాగం గద్దె కింద సమాధి అయింది.

వెనక భాగంలో ఏముందంటారా? నది నీళ్ళు లోపలికి లాగి ఇంజనును చల్లబరిచే గొట్టం ఉంది. ఆ గొట్టం మొదట్లో ఒక ఇత్తడి డబ్బా, అందులో నాచూ చెత్తా పట్టే జాలీ. దాన్ని రోజూ తీసి కడగాలి. కడగకపోతే నీళ్ళందవు, నీళ్ళందకపోతే ఇంజను కాలిపోతుంది. ఇది పెద్ద విద్యేమీ కాదు, వంటిల్లు తుడుచుకున్నట్టు రోజూ చేసుకునే పని. కాని అక్కడికి పోవడానికి దారేది? గద్దె పక్కన, ఇంజను చక్రానికీ పడవ పక్క గోడకూ నడుమ జానెడున్నర సందు మిగిలింది. మా ఆయన భుజాలు అందులో పట్టవు. మొదటి వారం ఆయన రోజూ ఇంటికి వచ్చి చర్మం గీరుకుపోయిన భుజానికి పసుపు రాసుకునేవాడు. ఎనిమిదో రోజు నేను చూడలేక, నేను పోతానన్నాను. నాకప్పుడు పదిహేడేళ్ళు, వెదురుబద్దలా ఉండేదాన్ని.

అలా మొదలైంది. సాయంత్రం ఆఖరి విడత అయిపోయి పడవ ఒడ్డుకు కట్టాక, జనం వెళ్ళిపోయాక, కొంగు నడుముకు చుట్టుకుని, పక్కకు తిరిగి పడుకుని, ముందు కుడి చేయి, తర్వాత తల, తర్వాత ఎడమ భుజం, ఆ వరసలో సందులోకి జొరబడేదాన్ని. వరస తప్పితే ఇరుక్కుపోతాను. పొగగొట్టం చల్లబడిందో లేదో ముందు చేతి వెనక వైపుతో తాకి చూసుకోవాలి. ఆ గొట్టాన్ని దాటితేనే ఇత్తడి డబ్బా. నీళ్ళ మర కట్టేసి, డబ్బా మూత మీది చెవుల నట్టు విప్పి, జాలీ పైకి తీసి, బయట ఉన్న మా ఆయనకు అందించాలి. ఆయన బకెట్టులో కడిగి ఇస్తే మళ్ళీ పెట్టి బిగించాలి. తర్వాత నీళ్ళలో తిరిగే పంకా కడ్డీ పడవ బయటికి పోయే చోట గిరీజు కూరి, అడుగున చేరిన నీళ్ళు గుడ్డతో పిండి తీయాలి. చూడకుండా, ఒట్టి వేళ్ళ గుర్తుతోనే అన్నీ. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టమయింది. చీర నిండా నూనె వాసన, మోచేతుల నిండా మసి, కాని మర్నాడు ఇంజను గుక్క తిప్పుకోకుండా కొట్టుకుంటుంటే ఒడ్డున బట్టలుతుకుతూ నాలో నేను పొంగిపోయేదాన్ని.

గాజుల దగ్గర గొడవ వచ్చింది. గాజులతో చేయి ఆ సందులో పట్టదు, పట్టినా పగిలి గుచ్చుకుంటాయి. రోజూ సాయంత్రం తీసి మంచం కోడు దగ్గర పెట్టి పోతుంటే మా అత్తమ్మ చూసి ఇల్లు పీకి పందిరేసింది. మొగుడు కళ్ళెదుట ఉండగా చేతులు బోడి చేసుకునే దరిద్రం ఏమిటని రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం కూడా సరిగా తినలేదు. మూడో రోజు తానే రేవుకు వచ్చి, కొడుకు భుజం మీది పుండు చూసి, నేను సందులోకి జొరబడటం చూసి వెళ్ళిపోయింది. మర్నాడు గాజులు తీస్తుంటే వచ్చి రెండు మణికట్లకూ పసుపు దారం కట్టింది. ఇక ప్రతి సాయంత్రం కట్టడం ఆమె పనే అయింది. మనసు మార్చుకోవడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. దొరకు జీవితకాలం చాలలేదు.

యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. అంతకు ముందు రోజుల భయాలు మీకు నేను చెప్పనక్కరలేదు, అందరమూ పడ్డవాళ్ళమే. మా దొర కొన్నాళ్ళు పట్నంలో దాక్కుని, అంతా సద్దుమణిగాక ఖద్దరు టోపీతో తిరిగి వచ్చాడు. మా ఆయన ఆ టోపీని నమ్మాడు. కాలం మారింది, ఇప్పుడు అడిగితే వింటాడని నాతో అన్నాడు. ఒకరోజు చేతులు కట్టుకుని వెళ్ళి, వానాకాలంలో నదికి బురదా నాచూ ఎక్కువని, నడి నీళ్ళలో జాలీ మూసుకుపోతే, పొగగొట్టం కాలుతుండగా తీయడానికి దారి లేదని, గద్దెలో రెండు పలకలు కోసి మూత పెట్టనిస్తే పైన పరుపు వేసుకుంటే కనపడనైనా కనపడదని విన్నవించుకున్నాడు. దొర పరుపు మీద పడుకునే విన్నాడు.

"నా గద్దెకు బొక్క పెడ్తవా? నిజాం పోయిండని నీకు గూడ రాజ్యం వచ్చిందనుకుంటున్నవా?"

మా ఆయన ఇంటికి వచ్చి ఈ మాట నాకు చెప్పి, చెప్పాక నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు అన్నం సయించలేదు. మరొకసారి అడిగాడు, ఇంకోసారి అడిగాడు. మూడోసారికి దొరకు అనుమానం వచ్చింది, మరి రోజూ జాలీ ఎట్లా కడుగుతున్నారని. ఆ సాయంత్రం చెప్పకుండా రేవుకు వచ్చాడు. నేను సందులో నుంచి బయటికి వస్తున్నాను, మొహం నిండా మసి, తల మీద సాలెగూడు. ఆయన నన్ను చూడలేదు, నా మీదుగా మా ఆయనను చూశాడు.

"రోజూ నేను కూసునే తావు కింద ఆడిది పాకుతుందా? రేపటి సంది దీన్ని పడవలకు రానియ్యకు."

అంతే. ఆ మర్నాటి నుంచి నేను ఇంట్లో, జాలీ గద్దె కింద. మా ఆయన వెదురు కర్రకు ఇనుప కొక్కెం కట్టి తంటాలు పడ్డాడు గాని, కొక్కెంతో నట్టు విప్పడం ఎవరి తరం? దొర లేనప్పుడు దొంగతనంగా వెళ్తానంటే వద్దన్నాడు. ఒడ్డున కళ్ళు చాలా ఉన్నాయన్నాడు. పిరికివాడివన్నాను. ఆ మాట అన్నందుకు నాకు అప్పుడు బాధ కలగలేదు.

పది రోజులు గడిచాయి. పైన వానలు పడి నది ఎర్రగా వచ్చింది. నది అవతల ఒక పల్లెలో మా అక్కకు కాన్పు కష్టమైందని కబురొస్తే, నేనూ అత్తమ్మా డబ్బులిచ్చి ఎక్కే జనంలో కలిసి, దొర కంటపడకుండా ఆ పడవే ఎక్కాము. మనుషులు నలభై మంది దాకా, నాలుగు మేకలు, ఒక గొల్లాయన, ఆయన చేతిలో కొమ్మలు కొట్టే గొడ్డలి. దొర కూడా అవతల ఏదో పంచాయితీకి పోతూ గద్దె మీద ఉన్నాడు, కాళ్ళ దగ్గర ఆయన మనుషులిద్దరు.

నది సగం దాటామో లేదో, నాకు ఇంజను గొంతు తేడాగా వినిపించింది. కొట్టుకోవడం బరువెక్కింది. తర్వాత వాసన, పెనం మీద నూనె మాడిన వాసన. నేను లేచి నిలబడ్డాను. మా ఆయన అప్పటికే మొహం పాలిపోయి ఉన్నాడు. ఇంకో నిమిషం నడిపితే లోపల పట్టేసుకుంటుందని, ఇక జన్మలో తిరగదని, ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగేసరికి నీళ్ళ హోరు వినపడింది. పడవ మెల్లగా అడ్డం తిరిగి దిగువకు కొట్టుకుపోసాగింది. ఆ దిగువన ఏముందో మా అందరికీ తెలుసు, ఏనుగుల్లాంటి రాతి గుండ్లు, వాటి మీద తెల్లగా లేస్తున్న నురుగు. గడకర్ర వేస్తే అడుగు అందలేదు. తెడ్లు వేస్తున్న ఇద్దరూ ఆ బరువు పడవను నిలపలేకపోయారు. మేకలు అరవడం మొదలుపెట్టాయి. మా అత్తమ్మ ఒక పరాయి పిల్లను ఎత్తుకుని గట్టిగా పట్టుకుంది.

మా ఆయన దొర ముందు నిలబడి, రెండు పలకలు పీకనివ్వండి, జాలీ తీస్తే నడుస్తుంది అని చేతులు జోడించాడు. దొర కదల్లేదు. పలకలు పీకుడేందని, తెడ్లు గట్టిగ ఎయ్యమనమని అన్నాడు. భయంతో అన్నాడో, పొగరుతో అన్నాడో, రెంటికీ తేడా తెలియని మనిషో, నాకు ఇవాళ్టికీ తెలియదు. మా ఆయన చేతులు అలాగే జోడించి ఉన్నాయి. ఆ జోడించిన చేతులు చూశాకే నాకు తెగింపు వచ్చింది. గొల్లాయన చేతిలోంచి గొడ్డలి తీసుకున్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. గద్దె ముందుకు పోయి నిలబడ్డాను.

"లెవ్వు, దొరా. నీ గద్దె కోసం ఇంతమంది మునుగుతమా?"

నేను ఆయనను నువ్వు అన్నాను. లెవ్వు అన్నాను. ఈ కాలం పిల్లలకు ఇందులో ఏముందో అర్థం కాదు. మా కాలంలో ఆ ఒక్క మాటకు ఇళ్ళు కాలిపోయాయి. గొడ్డలి ఎత్తాను. అప్పుడు లేచాడు. పరుపు కాలితో తన్ని, పలకల మీద వేశాను దెబ్బ, మేకుల దగ్గర, ఒకటి, రెండు, ఎన్నో లెక్కలేదు. టేకు గట్టిది. రెండు పలకలు చీలి లేవగానే లోపలి నుంచి కొలిమి తెరిచినట్టు వేడి కొట్టింది. గొడ్డలి పడేసి నేను దిగబోయాను. మా ఆయన నా రెక్క పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వు జరుగు. గొట్టం కాలతా ఉంది, నీ చెయ్యి కాలుద్ది."

ఆయనే దిగాడు. పొగగొట్టం మీదుగా చేయి చాపి నట్టు విప్పాడు. జాలీ పైకి వచ్చింది, దాని నిండా నల్లటి నాచు, బొంత పేలికలా. దాన్ని నా చేతికిచ్చి, నేను దులిపి ఇస్తే మళ్ళీ పెట్టి బిగిస్తున్నాడు, అప్పుడే పడవ ఒక బండను రాసుకుని కుదిపింది. తూలి పడబోతూ ఆయన దేన్నో పట్టుకున్నాడు. పట్టుకున్నది పొగగొట్టం. నోరు విప్పి అరవలేదు ఆ మనిషి. నట్టు బిగించాకే పైకి వచ్చాడు. అరచేయి చూసి నేను కళ్ళు మూసుకున్నాను.

ఆ చేత్తో హ్యాండిలు తిప్పలేడు. నేనూ గొల్లాయనా కలిసి తిప్పాము. మొదటిసారి తిరగలేదు, రెండోసారి దగ్గింది, మూడోసారి అందుకుంది. గుండ్లకు పది బారల దూరంలో పడవ ముక్కు తిప్పి, ఎదురు నీటిలో ఈడ్చుకుంటూ అవతలి ఒడ్డుకు చేరాము. ఎవరూ పోలేదు. మా అక్క కూడా బతికింది, ఆడపిల్లను కన్నది.

కోపం అక్కడ చల్లారవలసింది. కాని ఒడ్డు ఎక్కగానే దొర, జనమంతా వింటుండగా, ఇంజను సాఫుగా ఉంచుకోవడం చేతగాని డ్రైవరు అందరినీ ముంచబోయాడని అన్నాడు. ఇంజను ముట్టవద్దన్నవాడే ఆ మాట అన్నాడు. జనం విన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. నేను తెరవబోయాను. అంతలో మా ఆయన, ఆ కాలిన చేతితోనే, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని దొరకు మొక్కాడు. ఆడమనిషి, తెలివి తక్కువది, భయంలో నోరు జారింది, నా మొహం చూసి మన్నించండి అని బతిమాలాడు. దొర మమ్మల్ని రేవు ఛాయలకు రావద్దని చెప్పి నడిచి వెళ్ళిపోయాడు. దొర అన్న మాట కంటే మా ఆయన మొక్కిన ఆ మొక్కు నన్ను ఎక్కువ కాల్చింది.

కోదాడ వచ్చేశాము. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకుపోయి మళ్ళీ చాపుకోలేదు. బెజవాడ రోడ్డు పక్కన రేకుల పంచ వేసి లారీల, నీటి ఇంజన్ల మరమ్మతు మొదలుపెట్టాడు. సన్నపు పనులన్నీ నేనే చేసేదాన్ని, ఆయన పక్కన కూర్చుని చెప్పేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు మెకానిక్కు ఎక్కడమ్మా అని నన్నే అడిగేవారు. పిల్లలు పుట్టారు, ఇల్లు నిలబడింది. అన్నీ ఉన్నాయి గాని, ఆ ఒడ్డు మీది మొక్కు నా కడుపులో అలాగే ఉండిపోయింది. పని సంగతులు తప్ప ఆయనతో మనసు విప్పి మాట్లాడింది తక్కువ.

అలా ఇరవై ఏళ్ళు. ఒక మధ్యాహ్నం ఒక ఆసామి, తన తప్పు తన దగ్గర పెట్టుకుని, ఇంజను మేమే చెడగొట్టామని గొంతు లేపితే, మా ఆయన మెల్లగా సర్దిచెప్పి పంపించాడు. నాకు ఆగలేదు. ఎవడు అరిచినా మొక్కుడే, ఆనాడు ఒడ్డున మొక్కినట్టే మొక్కు అన్నాను. ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఆ రోజు నీ వెనకాల దొర మనుషులిద్దరు ఉన్నారు. ఒకడి చేతిలో ఆ గొడ్డలుంది. నువ్వు చూళ్ళేదు. నేను మొక్కకపోతే నిన్ను ఇంటికి తెచ్చుకునేవాణ్ణి కాదు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు భయపడేదానివి, భయపడితే నువ్వు నువ్వులా ఉండేదానివి కావు అన్నాడు. తర్వాత గుడ్డ తీసుకుని పనిలో పడ్డాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. దొర అంతకు ముందే పోయాడు. దొర మీద నా కోపం ఇవాళ్టికీ పచ్చిగానే ఉంది, దాన్ని దాచుకోను, తగ్గించుకోను. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు, మొగుడూ పెళ్ళాలు, పొద్దున పోట్లాడుకుంటే మధ్యాహ్నానికి ఫోనులో తేల్చేసుకుంటారు, నువ్వు ఆ మాట ఎందుకన్నావంటే ఇందుకన్నానని. వింటూ ఉంటే కొంచెం నవ్వు వస్తుంది, కొంచెం ఈర్ష్య కలుగుతుంది. వాళ్ళు అరగంటలో తేల్చుకునే మాట మా ఇద్దరి మధ్య ఇరవై ఏళ్ళు నడిచింది. ఆ ఇరవై ఏళ్ళలో కంచం ముందు పెట్టి మొహం పక్కకు తిప్పుకున్న పూటలు ఎన్నో, నాకు గుర్తు లేదు. ఆయన మాత్రం ఒక్కపూట కూడా అలిగి లేచి పోలేదు, పెట్టింది తిని, కంచం తానే కడిగి బోర్లించేవాడు.